చీమకుర్తి క్వారీ పికప్‌కు రాక్ స్లైడర్లు: రెండుసార్లు బిగించవలసి వచ్చిన ఒక పని వివరం

చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్లు తిరిగే డబుల్ క్యాబ్ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్, ఎడమవైపు వెనుక డోరు పడటం లేదన్న ఫిర్యాదుతో మా షెడ్డుకు వచ్చింది. డ్రైవరు ఆ డోరును తాడుతో సీటుకు కట్టి ఒంగోలు దాకా తెచ్చాడు. బండి ఏ కంపెనీదన్నది ఇక్కడ అవసరం లేదు. ఛాసిస్ వేరుగా ఉండి, దాని మీద రబ్బరు బుష్షులపై బాడీ కూర్చునే ఏ పికప్‌కైనా, జీపుకైనా ఇందులోని లెక్క వర్తిస్తుంది. కొలతలు మాత్రం ఎవరి బండికి వారు తీసుకోవలసిందే. మా పని ప్రధానంగా టిప్పర్ బాడీలు, ట్రాక్టరు ట్రాలీలు కట్టడం కాబట్టి ఛాసిస్ మీద బరువు ఎలా నడుస్తుందో కొంత తెలుసుననే ధైర్యంతో, డోర్ల కింద పొడవునా ఛాసిస్‌కు బిగించి రాయి దెబ్బ బాడీకి తగలకుండా మోసే గట్టి కడ్డీలను, అంటే రాక్ స్లైడర్లను, అమర్చే ఈ పని ఒప్పుకున్నాను. ఆ ధైర్యం ఎక్కడ తప్పిందో కూడా ఇందులో రాస్తున్నాను.

డోర్ల కింద బాడీకి అంచులా పొడవునా ఉండే పెట్టె ఆకారపు రేకును సిల్ అంటారు. ఈ బండికి రెండు సిల్స్‌కూ మెరిసే ఫుట్‌బోర్డులు బిగించి ఉన్నాయి. అవి మూడేసి పలుచని ఇనుప పట్టీలతో, స్క్రూలతో నేరుగా సిల్‌కే పట్టి ఉన్నాయి, ఛాసిస్‌ను ఎక్కడా తాకలేదు. ఎక్కే మనిషి పాదం మోయడానికి ఆ ఏర్పాటు చాలు. బండి నడుము ఒక రాయి మీద కూర్చున్నప్పుడు మాత్రం ఆ బరువంతా ఫుట్‌బోర్డు పట్టీల గుండా ఒక మిల్లీమీటరు మందం రేకు మీద మూడు చోట్ల గుచ్చుకుంటుంది. జరిగింది అదే. నడిమి పట్టీ దగ్గర సిల్ 18 మిల్లీమీటర్లు పైకి లేచి, దాని మీద నిలిచిన నడిమి స్తంభాన్ని నెట్టడంతో డోరు చట్రం వంకర పోయింది. ఫుట్‌బోర్డు లేకుండా ఉండి ఉంటే దెబ్బ ఇంతకంటే తక్కువ అయ్యేదేమోనని నా అనుమానం. అప్పుడు రాయి సిల్‌ను వెడల్పుగా నొక్కేది, ఇలా మేకులా పొడిచేది కాదు.

క్వారీ దారి గురించి కూడా చెప్పాలి. ఏటి గుండ్లు నునుపుగా ఉంటాయి, బండి వాటి మీద జారిపోతుంది. చీమకుర్తిలో గుంటలోకి దిగే ర్యాంపులు పనికిరాని బ్లాకుల ముక్కలతోనే పోస్తారు. గ్యాలక్సీ అని ప్రపంచమంతా కొనే ఈ నల్లరాయిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. అందం సంగతి ఎలా ఉన్నా, డైమండ్ వైరుతో కోసిన ముక్క అంచు మాత్రం బాడిశలా ఉంటుంది. బండి దాని మీద కూర్చుంటే జారదు, పట్టుకుంటుంది. అందుకే ఈ బండికి అమర్చేది బరువు మోయడమే కాక, రాయి అంచును దాటించే ఆకారంలో కూడా ఉండాలి.

సిల్‌ను రేకు పనివాడు లాగి సరిచేశాక, బండిని మామూలుగా తిరిగే సామానుతో, నలుగురు మనుషులతో వేబ్రిడ్జి ఎక్కించాం. 2,480 కిలోలు తూగింది. చీమకుర్తి చుట్టుపక్కల పని చేయడంలో ఉన్న ఒక సుఖం ఏమిటంటే, కాటా కోసం ఎక్కడికీ పోనక్కరలేదు. బండి ఒక పక్క స్లైడరు మీద ఒరిగితే దాదాపు సగం బరువు దాని మీద పడుతుందని తీసుకున్నాను. అంటే 1,240 కిలోలు, సుమారు 12.2 కిలోన్యూటన్లు. ఇది బండి మెల్లగా కూర్చున్నప్పటి లెక్క. ఒక అడుగు ఎత్తు నుంచి దబ్బున పడితే ఇది రెట్టింపు దాటినా ఆశ్చర్యం లేదు.

స్లైడరు అనగానే చాలామంది పైపు ఎంత మందం అని అడుగుతారు. నిజానికి ముందుగా లొంగేది పొడవాటి పైపు కాదు, దాన్ని ఛాసిస్‌కు కలిపే కాలు. ఈ బండికి ఛాసిస్ బయటి ముఖం నుంచి స్లైడరు బయటి అంచు దాకా 220 మిల్లీమీటర్లు వచ్చింది. పైన చెప్పిన బరువంతా ఒకే కాలి కొసన పడితే కాలి మొదట్లో వంపు బలం సుమారు 2,680 న్యూటన్ మీటర్లు అవుతుంది. బజారులో అందరూ వాడే ఒకటిన్నర అంగుళం హెవీ పైపు బయటి వ్యాసం 48.3 మిల్లీమీటర్లు, మందం 4 మిల్లీమీటర్లు. దాన్ని కాలుగా పెడితే ఆ చోట ఒత్తిడి సుమారు 470 మెగాపాస్కల్‌కు చేరుతుంది. మంచి స్ట్రక్చరల్ గ్రేడు అయిన వైఎస్‌టీ 240 ఉక్కు కూడా 240 దగ్గరే లొంగిపోతుంది. అదే కాలు 60కి 60, 4 మిల్లీమీటర్ల మందం చదరపు గొట్టమైతే ఒత్తిడి 185 దగ్గర ఆగుతుంది. మీటరుకు బరువు 4.4 కిలోల నుంచి 6.7 కిలోలకు పెరిగింది, బలం రెండున్నర రెట్లు వచ్చింది. దబ్బున పడే దెబ్బకు ఇదీ ఒంటరిగా చాలదు కాబట్టి ఒక్కో వైపు మూడు కాళ్లు పెట్టి, వాటిని గట్టి పొడవాటి కడ్డీతో కలిపి, దెబ్బను పంచుకునేలా చేయాలని నిర్ణయించాను. కాళ్లూ, సిల్ కింద పొడవునా నడిచే ప్రధాన కడ్డీ చదరపు గొట్టం. దానికి బయట, డోరు అంచుకు సమాంతరంగా వంచిన గుండ్రటి పైపు. రాయి ముందు తాకేది గుండ్రటిదే కావాలి, ఎందుకంటే చదరపు మూల రాయి అంచును పట్టుకుంటుంది, గుండ్రటిది వదిలేస్తుంది.

సరుకు ఎంపికలో ఒక మాట. షాపులో పైపు అడిగితే ముందుగా చేతికిచ్చేది నీళ్ల పైపు. నీటి ఒత్తిడికి తయారైన ఆ పైపుకు, ఐఎస్ 1161 అనే భారత ప్రమాణం ప్రకారం వచ్చే స్ట్రక్చరల్ పైపుకు చూపులో తేడా తెలియదు. చదరపు గొట్టాలకు ఐఎస్ 4923 ఉంటుంది. గొట్టం మీద ముద్ర చూసి కొనాలి, ముద్ర లేకపోతే మరో షాపుకు పోవాలి. జింకు పూత ఉన్న జీఐ పైపును అసలు తేవద్దు. వెల్డింగ్ వేడికి జింకు పొగ లేచి, పీల్చిన రాత్రి చలిజ్వరం తెస్తుంది. పూత పూర్తిగా గీకకపోతే అతుకులో బుడగలు కూడా మిగులుతాయి.

తరువాత ఛాసిస్ కొలతలు. ఈ బండి ఛాసిస్ క్యాబ్ కింద మూసిన పెట్టె ఆకారంలోను, క్యాబ్ దాటాక సామాను బాడీ కింద తెరిచిన సి ఆకారంలోను ఉంది. యజమాని స్లైడరును వెనుక చక్రం దాకా పొడిగించి నాలుగో కాలు పెట్టమన్నారు. నేను ఒప్పుకోలేదు. స్లైడరు కాలు ఛాసిస్‌ను వంచడం కంటే ఎక్కువగా మెలిపెడుతుంది. ఒక వైపు తెరిచిన సి ముక్కను రెండు చేతులతో మెలితిప్పి చూడండి, తర్వాత అదే రేకుతో చేసిన మూసిన గొట్టాన్ని తిప్పి చూడండి. మొదటిది చేతుల్లోనే తిరుగుతుంది, రెండోది కదలదు. సి ఛానల్‌కు కాలు పెట్టక తప్పని బండ్లలో దాన్ని అడ్డపట్టీ, అంటే క్రాస్‌మెంబర్ కలిసే చోటే పెట్టాలి. ఈ బండికి మూడు కాళ్లూ పెట్టె భాగంలోనే వచ్చేలా, ముందు కాలు, వెనుక కాలు రెండూ క్రాస్‌మెంబర్లకు జానెడు దూరం మించకుండా సర్దాను.

వెల్డింగా, బోల్టులా అన్నది తర్వాతి ప్రశ్న. కాళ్లను నేరుగా ఛాసిస్‌కు వెల్డ్ చేస్తే పని ఒక రోజులో ముగిసేది. అంతకు ముందు సంవత్సరం ఎక్కడో అలా వెల్డ్ చేయించుకున్న ఒక జీపు మా దగ్గరకు వచ్చింది. ఛాసిస్ కింది అంచుకు అడ్డంగా వేసిన వెల్డింగ్ గీత పక్కనుంచే పగులు మొదలై రెండు అంగుళాలు పైకి పాకింది. ఛాసిస్ పై అంచు, కింది అంచు బండి బరువుకు అన్నిటికంటే ఎక్కువ సాగే, నొక్కుకుపోయే చోట్లు. అక్కడ వెల్డ్ చేయడం, రంధ్రం వేయడం తయారీ కంపెనీలు సాధారణంగా వద్దనేది అందుకే. వెల్డ్ చేయక తప్పకపోతే ఛాసిస్ పక్క ముఖం మీద, అంచుల వంపుకు దూరంగా, మూలలు గుండ్రంగా కోసిన పెద్ద పలక మీదుగా చేయాలి. నేను బోల్టులే ఎంచుకున్నాను. క్వారీ బండికి స్లైడరు అరిగిపోయే వస్తువు, దాన్ని విప్పి మార్చగలగాలి.

ఇక నా తప్పు. ఛాసిస్ పెట్టె పక్క ముఖాలకు నడి ఎత్తున ఈ పక్క నుంచి ఆ పక్కకు రంధ్రాలు వేసి, ఒక్కో కాలికి రెండు ఎం12 (12 మిల్లీమీటర్ల వ్యాసం), 8.8 బలం గ్రేడు బోల్టులు దూర్చి, అవతల పలక పెట్టి నట్లు బిగించాను. నడి ఎత్తున ఎంచుకోవడం వరకు సరైనదే, అక్కడ వంపు ఒత్తిడి తక్కువ. కాని లోపల బోలుగా ఉన్న పెట్టెను మధ్యలో పట్టుకుని రెండు వైపుల నుంచి నొక్కుతున్నానన్న సంగతి పట్టించుకోలేదు. ఎం12, 8.8 బోల్టును 85 న్యూటన్ మీటర్లకు బిగిస్తే అది 35 కిలోన్యూటన్ల పైన, అంటే మూడున్నర టన్నుల పట్టు వేస్తుంది. లోపల ఆధారం లేని పక్క రేకు ఆ పట్టుకు లోపలికి గిల్లుకుపోతుంది, పట్టు సడలుతుంది. బిగింపు కొలిచే టార్క్ రెంచ్ క్లిక్‌మన్నది కదా అని బండి ఇచ్చి పంపాను. ట్రాలీలకు ఎప్పుడూ సి ఛానల్ మీద పని చేసిన అలవాటు ఇక్కడ నన్ను మోసం చేసింది.

పందొమ్మిదో రోజున డ్రైవరు తిరిగి వచ్చాడు. "అన్నా, గతుకుల్లో గిన్నెలు కొట్టుకున్నట్టు శబ్దం వస్తా ఉంది, సిల్ అయితే ఏం కాలేదు" అన్నాడు. కింద పడుకుని చూస్తే బోల్టు తలల చుట్టూ ఎర్రటి పొడి గీతలు కనిపించాయి. బిగుతు సడలిన రెండు ఇనుప ముఖాలు ఒకదానిపై ఒకటి రాసుకుంటే వచ్చే తుప్పు పొడి అది; శబ్దం కంటే ముందు కనిపించే గుర్తు. విప్పితే పక్క రేకు రెండు మిల్లీమీటర్లు లోపలికి దిగి ఉంది, 13 మిల్లీమీటర్ల రంధ్రాల్లో రెండు పైకి సాగి 14.5 అయ్యాయి. స్లైడరు మీద మాత్రం రాయి గీతలు తప్ప చిన్న వంపు కూడా లేదు. కడ్డీ, కాళ్లు లెక్క ప్రకారమే నిలిచాయి, పట్టు ఓడిపోయింది.

పెట్టె లోపల బోల్టు చుట్టూ గొట్టం బుష్షు పెట్టి, బిగింపు బలం బుష్షు గుండా పోయేలా చేయడం ఇలాంటి చోట అందరూ చేసే పని. బుష్షు దూరడానికి ఒక పక్క రంధ్రాన్ని 22 మిల్లీమీటర్లకు పెంచి, చుట్టూ వెల్డ్ చేయాలి. అప్పటికే సాగిన రంధ్రాలను ఇంకా పెంచడం నాకు నచ్చలేదు. అందువల్ల ఛాసిస్‌ను తొలవకుండా, బయట 12 మిల్లీమీటర్ల పలక, లోపలి వైపు 10 మిల్లీమీటర్ల పలక పెట్టి, ఛాసిస్ పైనుంచి రెండు, కిందనుంచి రెండు బోల్టులు పోయేలా పట్టుకునే బిగింపు తయారు చేశాను. పలకలు ఛాసిస్ ఎత్తుకంటే పెద్దవి కాబట్టి బోల్టుల నొక్కుడు పక్క రేకు మధ్యలో కాక, పై అంచు, కింది అంచు ఉన్న మూలల మీద పడుతుంది. ఆ అంచులు గుంజల్లా అడ్డంగా నిలబడి నొక్కుడును ఓర్చుకుంటాయి. అయినా వాటికీ ఒక హద్దు ఉంది గనుక 85 దాకా పోగల బోల్టును 70 న్యూటన్ మీటర్ల దగ్గరే ఆపాను.

అన్నిటికంటే ఉపయోగపడినది బయటి పలక అడుగున వెల్డ్ చేసిన 40 మిల్లీమీటర్ల పెదవి. అది ఛాసిస్ కిందికి దూరి, కింది ముఖానికి ఆనుకుంటుంది. రాయి స్లైడరును పైకి నెట్టినప్పుడు ఆ బలం పెదవి గుండా నేరుగా ఛాసిస్‌కు పోతుంది. బురద, రంగు మధ్యలో ఉన్న పలకల రాపిడి మీద, బోల్టుల కోత బలం మీద ఆధారపడనక్కరలేదు. అదే సమయంలో పలక పై భాగం ఛాసిస్‌కు ఒత్తుకుంటుంది, కింది భాగం విడిపోవడానికి చూస్తుంది. అంటే లాగుడు పడేది కింది బోల్టుల మీద. వాటి నుంచి పలక పై అంచుకు 160 మిల్లీమీటర్లు ఉంది కాబట్టి ఒక్కో కింది బోల్టు మీద 8.4 కిలోన్యూటన్లు వస్తుంది. 70 దగ్గర బిగించిన బోల్టు పట్టు సుమారు 29. మిగులు ఉంది. కింది బోల్టుల తలలు రాతికి తగలకుండా స్లైడరు అడుగు మట్టం కంటే పైకి ఉండేలా చూసుకోవాలి.

కొత్త బిగింపులను పాత చోటు నుంచి 60 మిల్లీమీటర్లు జరిపి, పలక గుంటపడిన రేకు మీద కాక మంచి రేకు మీద ఆనేలా చేశాను. పాత రంధ్రాలను వెల్డింగ్‌తో పూడ్చలేదు. నడి ఎత్తున ఉన్న రంధ్రం వల్ల కలిగే నష్టం కంటే అక్కడ కాల్చి చల్లార్చడం వల్ల వచ్చే నష్టమే ఎక్కువ. అంచులు నునుపు చేసి, ప్రైమర్ పూసి, రబ్బరు మూతలు పెట్టాను. లోపలి పలక పెట్టే ముందు ఎడమ ఛాసిస్ లోపలి ముఖం మీద పోయే బ్రేకు గొట్టాన్ని, డీజిలు గొట్టాన్ని క్లిప్పులు విప్పి పక్కకు జరిపి, పలకకు కనీసం 15 మిల్లీమీటర్ల ఎడం ఉంచి తిరిగి రబ్బరు క్లిప్పులతో పట్టించాం. ఈ పని తొందరలో చేస్తే స్లైడరు సిల్‌ను కాపాడి బ్రేకును తినేస్తుంది.

వెల్డింగ్ విషయంలో పెద్దగా చెప్పేది లేదు. బిగింపులను బండికి బిగించి, కాళ్లను, కడ్డీని అక్కడే టాకాలు, అంటే చిన్న చిన్న వెల్డింగ్ చుక్కలు, మాత్రం వేసి, మొత్తం విప్పి బల్ల మీద మిగ్ వెల్డింగ్‌తో పూర్తి చేశాం. బండి మీద టాకా వేసేటప్పుడు బ్యాటరీ రెండు తీగలూ తీసి, ఇంజన్ కంట్రోల్ యూనిట్ ప్లగ్గు విప్పి, ఎర్త్ క్లిప్పును టాకా పక్కనే పెట్టాలి. పూర్తి వెల్డింగ్‌కు కాళ్లున్న వైపు కుంచించుకుని కడ్డీ మొదటిసారి 6 మిల్లీమీటర్లు విల్లులా వంగింది. రెండో కడ్డీని బల్లకు బిగించి, ఒక కాలు వదిలి ఒక కాలు చొప్పున, అటూ ఇటూ మార్చి కాల్చాక ఒక మిల్లీమీటరుకు తగ్గింది.

స్లైడరుకూ సిల్‌కూ మధ్య 25 మిల్లీమీటర్లు వదిలాను. బాడీ రబ్బరు బుష్షుల మీద ఊగుతుంది, స్లైడరు ఛాసిస్‌తో పాటు కదులుతుంది. ఖాళీ లేకపోతే రెండూ కొట్టుకుంటాయి. కాళ్లు బయటికి పోయేకొద్దీ పైకి లేచేలా సుమారు పది డిగ్రీల వాలు ఇచ్చాను. డ్రైవర్లు మెట్టులా తొక్కడానికి చదునుగా ఉండాలన్నారు గాని, చదునైన స్లైడరు రాయి మీద కూర్చుంటుంది, వాలు ఉన్నది రాయి మీద నుంచి బండిని పక్కకు జార్చుతుంది. మెట్టు కోసం బయటి పైపుకూ కడ్డీకీ మధ్య గళ్ల రేకు వేసి రాజీ కుదిర్చాను. కడ్డీ అడుగున 6 మిల్లీమీటర్ల పట్టీని అక్కడక్కడ వెల్డ్ చేసి అంటించాను. అరిగితే అదే అరగాలి, గొట్టం కాదు. మొత్తం మీద ఒక్కో వైపు సుమారు 40 కిలోలు వచ్చింది, అంటే రెండు వైపులూ కలిపి ఒక బరువైన మనిషి ఎప్పుడూ బండిలోనే ఉన్నట్టు. లీటరు లెక్క చూసుకునే యజమానికి ఇది ముందే చెప్పాను.

వెడల్పు గురించి ఖచ్చితంగా ఉన్నాను. స్లైడరు బయటి అంచు చక్రాల ఆర్చుల గీతకు 30 మిల్లీమీటర్లు లోపలే ఆగింది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ముందు బిగించే బుల్‌బార్ల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది కూడా. ఈ బండి క్వారీలోనే కాదు, కర్నూలు రోడ్డు మీద కూడా తిరుగుతుంది. నడిచిపోయే వాడి మోకాలికి తగిలేలా ఏదీ బయటికి రాకూడదు. బీమా వారికి తెలియజేయమని యజమానికి చెప్పి బిల్లు మీద రాశాను.

రంగుకు పౌడర్ కోటింగ్ వద్దన్నాను. మొదటి వారంలోనే రాయి దాన్ని గీకుతుంది, ఆ గీతలోంచి తేమ పొర కిందికి పాకుతుంది. ఎపాక్సీ ప్రైమర్, దాని మీద మామూలు నల్ల ఎనామెల్ అయితే డ్రైవరే కుంచెతో పూసుకోవచ్చు. వైరు కోత నీళ్లతో వచ్చే రాతి బురద గొట్టాల్లో చేరకుండా కొసలు మూసి, అడుగున 8 మిల్లీమీటర్ల నీటి రంధ్రాలు ఉంచాను.

ఇచ్చే ముందు పరీక్ష చేశాం. స్లైడరు నడిమి కాలి దగ్గర జాకీ పెట్టి, పక్కన చెక్క దిమ్మెలు పేర్చి, ఎవరినీ కిందికి పోనీయకుండా ఆ వైపు రెండు చక్రాలూ నేల విడిచేదాకా లేపాం. 25 మిల్లీమీటర్ల ఖాళీ 21 అయింది, దించాక మళ్లీ 25కు వచ్చింది. ముందు కాలి కొసన ఒక్కచోటే పెట్టి లేపినప్పుడు 18 దాకా దిగి, మళ్లీ తిరిగి వచ్చింది. ఈ రెండో పరీక్షను నేను మొదటి బిగింపప్పుడు చేయలేదు. చేసి ఉంటే పక్క రేకు గిల్లుకుపోవడం షెడ్డులోనే కనిపించేది. ప్రతి నట్టు మీద, పలక మీద కలిసేలా తెల్ల రంగుతో ఒక గీత గీశాం, నట్టు తిరిగితే గీత విరుగుతుంది. మొదటి 200 కిలోమీటర్లకు ఒకసారి రెంచ్‌తో చూడమన్నాను.

ఆరు నెలలకు బండి సర్వీసుకు వచ్చినప్పుడు కింద పడుకుని చూశాను. ఎడమ కడ్డీ అడుగు పట్టీ మీద రంగు పూర్తిగా పోయి, ఒకచోట లోతైన గీతలు పడి మెరుస్తోంది. సిల్ గీత మీద రసమట్టం పెడితే సరిగ్గా ఉంది, డోర్లు నాలుగూ ఒక వేలితో నెడితే పడుతున్నాయి. పెదవుల దగ్గర ఎర్ర పొడి లేదు. ఇరవై నాలుగు బోల్టుల్లో కుడి ముందు కాలి కింది బోల్టు ఒక్కదాని తెల్ల గీత రెండు మిల్లీమీటర్లు తప్పింది; ఆ బోల్టు, నట్టు తీసేసి కొత్తవి వేసి, గీత మళ్లీ గీసి పంపాను.